ఎమ్రిస్ సీటు

మూడుంబావు అయింది. బడి గేటు తెరిచారు.

లౌరి స్ట్రోలర్‌ని బయటికి తోసింది. ముందు చక్రం అడ్డం తిరిగి కీచుమంది. లౌరి దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నింది. చక్రం మళ్ళీ తిన్నగా అయింది.

బండిలో ఆమె తమ్ముడు ఎమ్రిస్ కూర్చున్నాడు. వాడికి అయిదేళ్ళు. బండేమో వాడు ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడు కొన్నది. ఇప్పుడు వాడి మోకాళ్ళు గడ్డం దాకా వస్తున్నాయి. బూట్లు తడి రోడ్డుకి రాసుకుంటున్నాయి.

పుట్టినప్పటి నుంచీ ఎమ్రిస్ కాళ్ళలో బలం తక్కువ. నడుస్తాడు, కానీ కొంచెం దూరమే. తర్వాత మోకాళ్ళు వాటంతటవే వంగిపోతాయి. అప్పుడు వాడు ఉన్నచోటే చతికిలబడి, "నా కాళ్ళు అయిపోయాయి," అంటాడు.

"ఏయ్ లౌరీ!" వెనక నుంచి టెగన్ పిలిచింది. "మీ అమ్మకి పుట్టబోయే పాప అప్పుడే పుట్టేసిందా? ఇంత పొడుగు పుట్టిందేంటే!"

టెగన్ పక్కన ఉన్న మాబ్లి కిసుక్కున నవ్వింది. ఇద్దరూ లౌరి క్లాసే. ఆరో తరగతి.

"నేను పాపని కాదు. నేను ఎమ్రిస్‌ని," అన్నాడు ఎమ్రిస్. వాళ్ళు నవ్వుతున్నారని వాడూ నవ్వాడు.

లౌరి చెవులు వేడెక్కాయి. తల దించుకుని బండిని గబగబా తోసింది. వీధి మలుపు తిరగగానే ఆపింది.

"దిగు."

"ఎందుకు?"

"నడు. ఆ చిప్స్ కొట్టు దాకా."

ఎమ్రిస్ దిగాడు. బండి పక్కన కడ్డీ పట్టుకుని నడిచాడు. సగం దూరంలో ఆగాడు.

"లౌరీ, నా కాళ్ళు అయిపోయాయి."

"ఇంకా అవలేదు. నడు."

చిప్స్ కొట్టు దగ్గరికి వచ్చేసరికి వాడి పెదాలు తెల్లబడ్డాయి. తడి మెట్టు మీద కూలబడ్డాడు. లౌరి వెనక్కి తిరిగి చూసింది. టెగన్ వాళ్ళు ఎక్కడా లేరు. అప్పుడు తమ్ముణ్ణి ఎత్తి బండిలో కూర్చోబెట్టింది. అక్కడి నుంచి ఇంటిదాకా అంతా పైకి ఎక్కే దారే. నిచ్చెన మెట్లలాగా ఒకదాని మీద ఒకటి ఉన్నట్టుండే వరస ఇళ్ళు దాటుకుంటూ, ఒగరుస్తూ తోసుకెళ్ళింది.

ఇంట్లో అమ్మ సోఫా మీద కాళ్ళు చాపుకుని ఉంది. ఎనిమిదో నెల. పాదాలు వాచిపోయాయి. అందుకే ఎమ్రిస్‌ని లౌరితో పంపమని అమ్మ బడికి ఉత్తరం రాసిచ్చింది.

"వచ్చారా? తమ్ముడు ఇవాళేమైనా నడిచాడా?"

"నేను చిప్స్ కొట్టు..." అంటూ ఎమ్రిస్ మొదలుపెట్టాడు.

"ఇంటిదాకా నడిచాడమ్మా," అనేసింది లౌరి.

ఎందుకన్నదో అప్పుడు తనకే సరిగ్గా తెలీదు. నడుస్తాడని తెలిస్తే ఇక ఈ బండి బడికి తీసుకెళ్ళక్కర్లేదు కదా అని మాత్రం తోచింది.

"ఇంటిదాకానా? ఈ ఎత్తంతా ఎక్కేశాడా?"

అమ్మ సోఫా లోంచి కష్టపడి లేచింది. ఎమ్రిస్‌ని దగ్గరికి లాక్కుని ముద్దులు పెట్టేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎమ్రిస్ అమ్మ భుజం మీంచి లౌరి వంక చూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. వాడికి ఆ ముద్దులు బాగున్నాయి.

*

నెలకోసారి డెలిత్ అనే ఫిజియోథెరపిస్టు వాళ్ళింటికి వచ్చి ఎమ్రిస్ కాళ్ళు చూసి వెళ్తుంది. ఆ వారం వచ్చినప్పుడు అమ్మ ఆమెని అడిగింది.

"పాత బండి పాడైపోయింది. పాప వచ్చేలోపు కొత్తది కొనాలి. ఇద్దరు కూర్చునేది కొనాలా, ఒక్కరిది చాలా? ఎమ్రిస్ ఇప్పుడు బాగా నడుస్తున్నాడట."

డెలిత్ ఎమ్రిస్ మోకాలు పట్టుకుని వంచి చూసింది. కనుబొమలు ముడేసింది.

"కాళ్ళు చూస్తే నాకలా అనిపించడం లేదు. కానీ నేను చూసేది నెలకోసారే కదా. రోజూ చూసేది మీరు. ఓ మూడు వారాలు ఎంత దూరం నడుస్తున్నాడో కాగితం మీద రాయండి. అప్పుడు కొనండి. తొందరేం లేదు."

అమ్మ ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. దాని మీద గళ్ళు గీసింది. "లౌరీ, ఈ పని నీది," అంది.

లౌరి రోజూ టిక్కు పెట్టింది. బడి నుంచి ఇంటిదాకా. బడి నుంచి ఇంటిదాకా. బడి నుంచి ఇంటిదాకా.

బండిని మాత్రం రోజూ తీసుకెళ్ళేది. "బ్యాగులు పెట్టుకోవడానికమ్మా," అనేది. బడి వదిలాక అందరూ వెళ్ళిపోయేదాకా ఎమ్రిస్‌ని పట్టుకుని కోట్లు తగిలించే గదిలో నిలబడేది. తర్వాత వాణ్ణి బండిలో కూర్చోబెట్టి, తమ వీధి మొదట్లో దింపేది. అక్కడి నుంచి నాలుగిళ్ళు. ఆ నాలుగిళ్ళూ వాడు నడిచి, అమ్మ కిటికీలోంచి చూస్తుండగా లోపలికి వచ్చేవాడు.

"ఎవరికీ చెప్పకు," అని రోజూ వాడి చేతిలో ఒక జెల్లీ బిళ్ళ పెట్టేది.

మూడు వారాలు గడిచాయి. గళ్ళన్నీ నిండాయి.

*

శనివారం అందరూ నాన్న వ్యానులో పట్నం వెళ్ళారు. అమ్మమ్మ కూడా వచ్చింది. పిల్లల సామాన్ల దుకాణం అది. గెడ్డం ఉన్న ఒక కుర్ర సేల్స్‌మన్ ఎదురొచ్చాడు.

"మా ఇంట్లో కవలలు. అందుకే ఇంట్లో కన్నా ఇక్కడే నాకు హాయి," అని నవ్వించాడు. తర్వాత మూడు బండ్లు వరసగా తెచ్చి నిలబెట్టాడు.

ఒకటి పక్కపక్కన రెండు సీట్లున్నది. "ఇది మా గుమ్మంలోంచి దూరదు," అని నాన్న చూడగానే చెప్పేశాడు.

రెండోది ముందూ వెనకా రెండు సీట్లున్నది. పొడుగ్గా, బరువుగా ఉంది.

మూడోది ఒక్క సీటుది. ఆకుపచ్చ రంగు. తేలికగా ఉంది. వెనకాల చిన్న చక్రాల పలక ఒకటి తగిలించి ఉంది. "పెద్ద పిల్లలు దీనిమీద నిలబడి వచ్చేయొచ్చు," అన్నాడు సేల్స్‌మన్.

ఈలోగా ఎమ్రిస్ రెండోదానిలో ముందు సీటు ఎక్కేశాడు. వాడి పాదాలు కింద పలక మీద చక్కగా ఆనాయి. వెనక్కి వాలాడు.

"ఇది నా కాళ్ళకి సరిపోయింది!" అని అరిచాడు.

నాన్న బండి పొడుగు కొలిచాడు. పెదవి విరిచాడు.

"మన నడవాలో ఇది పెడితే మనిషి దూరే సందుండదు. కోట్ల కొక్కేలు పీకాలి. బూట్ల అలమర తీసేయాలి. వాన పడితే ఈ బురద చక్రాలతో..."

"పీకితే పీకు. కొక్కేలేమన్నా నీ పళ్ళా, మళ్ళీ రాకపోవడానికి?" అంది అమ్మమ్మ.

"అత్తయ్యా, వాడు ఇప్పుడు నడుస్తున్నాడు. ఫ్రిజ్ మీద చూశారుగా."

"చూశాను. కాళ్ళూ చూశాను."

అమ్మ అటూ ఇటూ చూసింది. అలిసిపోయిన మొహంతో లౌరి వైపు తిరిగింది.

"రోజూ వాడితో వచ్చేది నువ్వు. నువ్వు చెప్పమ్మా. నిజంగా ఇంటిదాకా నడుస్తున్నాడా?"

అందరూ లౌరి వంకే చూశారు. ఆ పొడుగు బండిని తోసుకుంటూ బడి గేటు దాటడం లౌరి కళ్ళ ముందు కనిపించింది. టెగన్ నవ్వు వినిపించింది.

"నడుస్తున్నాడమ్మా," అంది.

ఆకుపచ్చ బండి కొన్నారు.

సేల్స్‌మన్ పొడుగు బండిని లోపలికి తీసుకెళ్ళబోయాడు. ఎమ్రిస్ ఇంకా అందులోనే ఉన్నాడు.

"మరి నా సీటేది?" అని అడిగాడు.

లౌరి వంగి వాడి చెవిలో చెప్పింది. "సీటులో కూర్చునేది పాపలు. నువ్వు పెద్దవాడివి. పెద్దవాళ్ళు సీటు అడగరు."

ఎమ్రిస్ కాసేపు ఆలోచించాడు. తర్వాత కడ్డీ పట్టుకుని తనే దిగిపోయాడు.

*

అక్టోబరు చివర్లో చెల్లెలు పుట్టింది. నెస్టా అని పేరు పెట్టారు. చిన్న మొహం, పెద్ద గొంతు.

రెండు వారాలయ్యాక అమ్మే పిల్లల కోసం బడికి రావడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ బండిలో నెస్టా. వెనక పలక మీద ఎమ్రిస్. లౌరి చేతులు ఖాళీ. ఇప్పుడు టెగన్, మాబ్లి పక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకోవచ్చు. సరిగ్గా తను కోరుకున్నదే.

కానీ వెనక నుంచి మాటలు వినిపించేవి.

"సరిగ్గా నిలబడు ఎమ్రిస్."

"కడ్డీ గట్టిగా పట్టుకో."

"మళ్ళీ దిగిపోయావేం? సరే, అయితే నడు."

పలక మీద నిలబడాలంటే కాళ్ళు బిగపట్టాలి. ఎమ్రిస్ మోకాళ్ళు వంగిపోయేవి. జారి కిందికి దిగిపోయేవాడు. నాలుగడుగులు నడిచి ఎవరో ఒకరి గోడ పట్టుకుని ఆగిపోయేవాడు. "నా కాళ్ళు అయిపోయాయి" అనడం మానేశాడు.

అమ్మకి నిద్ర లేదు. నెస్టా రోజంతా ఏడుస్తూనే ఉండేది. అమ్మ గొంతు రోజురోజుకీ గరుకు తేలింది.

"చెల్లెలు పుట్టకముందు ఈ ఎత్తంతా చకచకా ఎక్కేవాడివి. ఇప్పుడేమొచ్చింది నీకు?"

ఒకరోజు భోజనాల దగ్గర నాన్న అన్నాడు. "కుళ్ళు. అంతే. పాప సీటులో ఉంది, తను లేడు. అదీ వాడి బాధ. పట్టించుకోకు, వాడే నడుస్తాడు."

అమ్మ ఫ్రిజ్ మీది కాగితం చూపించింది. "చూడు ఎమ్రిస్. మూడు వారాలు. అన్నీ టిక్కులే. నువ్వు చేయగలవు, నాకు తెలుసు. రేపు ఆగకుండా వస్తేనే టీవీ. లేకపోతే లేదు."

ఎమ్రిస్ కాగితం వంక చూడలేదు. లౌరి వంక చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత ఉడికించిన బంగాళాదుంపని ఫోర్కుతో చిదుముతూ కూర్చున్నాడు.

లౌరి ఫోర్కు కింద పెట్టింది. చెప్పేయాలనుకుంది. నాన్న మొహం చూసింది. రేపు చెబుదాంలే అనుకుంది.

ఆ మర్నాడూ అలాగే అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఎమ్రిస్ టేబుల్ కింద దూరి, రెండు చేతులతో పిక్కలు రుద్దుకుంటున్నాడు. లౌరి వంగి చూసింది.

"నొప్పా?"

వాడు చేతులు తీసేశాడు.

"కాదు. పెద్దవాళ్ళు అడగరు."

లౌరి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. వంటింట్లో అమ్మ నెస్టాని జోకొడుతోంది. లేచి వెళ్ళి చెప్పడానికి పది అడుగులు. ఆ పది అడుగులు లౌరి వేయలేదు.

*

మంగళవారం వాన. గాలికి అది అడ్డంగా కొడుతోంది. లౌరి, టెగన్ ఒకే గొడుగు కింద ముందు నడుస్తున్నారు. వెనక అమ్మ. బండిలో నెస్టా గుక్కపట్టి ఏడుస్తోంది.

పాత గ్రంథాలయం దగ్గర రోడ్డు నుంచి పై వీధికి రాతి మెట్లున్నాయి. బండి పోవడానికి పక్కనే వాలు దారి ఉంది. ఎమ్రిస్ మెట్ల కడ్డీ పట్టుకుని ఆగిపోయాడు.

"రా ఎమ్రిస్! పాప తడిసిపోతోంది!"

వాడు కదల్లేదు.

"ఇక చాలు నీ నాటకాలు!" అమ్మ అరిచింది. "నడవగలవని నాకు తెలుసు! రా!"

ఎమ్రిస్ కడ్డీ వదిలాడు. ఒక మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు ఎక్కాడు. మూడోది ఎక్కలేదు.

లౌరికి చప్పుడు వినిపించింది. మెత్తటి చప్పుడే. వెనక్కి తిరిగి చూసేసరికి అమ్మ బండిని వదిలేసి పరిగెడుతోంది. ఎమ్రిస్ మెట్ల మీద బోర్లా పడున్నాడు. గడ్డం కింద రాయి ఎర్రగా అవుతోంది. వాన దాన్ని కడుగుతోంది, మళ్ళీ ఎర్రగా అవుతోంది.

వాడు ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆసుపత్రిలో గడ్డానికి నాలుగు కుట్లు వేశారు. ముందు పన్ను ఒకటి ఊడింది. తర్వాత డెలిత్ వచ్చింది. ఎమ్రిస్ ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, పిక్కలు మెల్లగా నొక్కింది. నొక్కిన ప్రతిసారీ వాడు పెదవి కొరుక్కున్నాడు.

"బాగా వాచాయి. ఎన్నాళ్ళ నుంచి నడిపిస్తున్నారు ఇలా?"

"సెప్టెంబరులోనే..." అంది అమ్మ. "పాప పుట్టకముందు రోజూ బడి నుంచి ఇంటిదాకా నడిచేవాడు. మీరు చెప్పినట్టే రాశాం. మూడు వారాలూ ఉంది కాగితం మీద. చెల్లెలి మీద కుళ్ళనుకున్నాం..."

"ఈ కాళ్ళతో ఆ ఎత్తు ఎక్కడం కుదరదండీ. ఇప్పుడే కాదు, అప్పుడు కూడా. చిప్స్ కొట్టు దాకా వస్తే ఎక్కువ. కాగితం ఎవరు రాశారు?"

గోడవారగా కుర్చీలో ఉన్న లౌరి లేచి నిలబడింది. తడి సాక్సులు బూట్లలో పిచపిచలాడాయి.

"నేనే," అంది. "వాడు నడవలేదు. ఒక్కరోజు కూడా. వీధి మొదట్లో దింపేదాన్ని. టెగన్ వాళ్ళు నవ్వుతున్నారని... బండి ఉండకూడదని అలా..."



అమ్మ అరుస్తుందనుకుంది. నాన్న కసురుతాడనుకుంది. నాన్న తల దించుకుని తన చేతులు చూసుకున్నాడు. అమ్మ లౌరి వంక చూసింది. తెలియని మనిషిని చూసినట్టు.

"నేను తిట్టినప్పుడల్లా వాడు నీ వంక చూసేవాడు," అంది. "ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. నీకు అర్థమయ్యేదా?"

"అయ్యేది."

అమ్మ ఎమ్రిస్ వైపు తిరిగి, వాడి మడిచిన ప్యాంటుని మెల్లగా కిందికి దించింది. ఒక కాలు. తర్వాత రెండో కాలు.

*

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ లౌరిని తిట్టలేదు. అదే కష్టంగా ఉండేది. "అన్నం తిను," "బ్యాగు తీసుకో," "తలుపు వేయి." అమ్మ ఆమెతో మాట్లాడేది ఇంతే.

"అమ్మకి నామీద కోపం పోలేదా?" అని లౌరి అమ్మమ్మని అడిగింది. అమ్మమ్మ పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు తిప్పుతోంది.

"పోలేదు. అప్పుడే ఎలా పోతుంది?" అంది అమ్మమ్మ. "నీమీద ఉన్నదానికి రెండింతలు తనమీద ఉంది. వాణ్ణి నాటకాలంది కదా. ఆ మాట దానికి మింగుడు పడటం లేదు."

"అమ్మ తప్పేం లేదుగా."

"ఆ మాట నాకెందుకు చెబుతావ్? వెళ్ళి దానికి చెప్పు."

లౌరి వెళ్ళి చెప్పింది. అమ్మ నెస్టా బట్టలు మడతపెడుతోంది. విన్నది. "ఊఁ," అంది. ఒక చిన్న చొక్కాని రెండుసార్లు మడిచింది.

దుకాణం వాళ్ళు వాడిన బండిని వెనక్కి తీసుకోబోమన్నారు. అమ్మమ్మ ప్రార్థనకి వెళ్ళే చాపెల్‌లో అందరినీ అడిగి, పిల్లలు పెద్దయిపోయిన ఒకామె దగ్గర ముందూ వెనకా రెండు సీట్లున్న బండి సంపాదించింది. పాతది. ఎరుపు రంగు వెలిసిపోయింది. నాన్న ఆ సాయంత్రమే నడవాలో కొక్కేలు పీకేశాడు. బూట్ల అలమర తీసి పెరట్లో పెట్టాడు. బండి లోపలికి వచ్చింది. పక్క నుంచి మనిషి దూరడానికి సందు కూడా మిగిలింది.

కానీ ఎమ్రిస్ అందులో కూర్చోలేదు.

"ఇదిగో నీ సీటు," అంది అమ్మ.

"నాకొద్దు."

"కాళ్ళు నొప్పెడతాయి నాన్నా."

"నొప్పి లేదు. నేను పాపని కాదు."

నాన్న ఎత్తి కూర్చోబెడితే కట్టె బిగిసినట్టు బిగుసుకున్నాడు. బుజ్జగించారు. చాక్లెట్ చూపించారు. వద్దంటే వద్దన్నాడు.

"బలవంతం చేయకండి," అంది డెలిత్. "నాలుగడుగులు వేస్తే ఆపండి. కూర్చోబెట్టండి. ఎక్కడ పడితే అక్కడ. తనకి తోచినప్పుడు ఎక్కుతాడు."

"ఎప్పుడు?" అంది అమ్మ.

డెలిత్ భుజాలెగరేసింది.

లౌరి కూడా వాణ్ణి ఒప్పించాలని చూసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాడి ఎదురుగా కూర్చుని చెప్పింది. "ఎమ్రిస్, ఆ రోజు దుకాణంలో నేను చెప్పింది అబద్ధం. సీటు పాపలకే కాదు."

వాడు బొమ్మ లారీని ముందుకీ వెనక్కీ నడుపుతున్నాడు. "నువ్వు అబద్ధాలు చెబుతావుగా," అన్నాడు. కోపంగా కాదు. వాన పడుతోంది అన్నట్టు చెప్పాడు.



*

డిసెంబరు మొదటి గురువారం నెస్టాకి ఒళ్ళు వెచ్చబడింది.

"ఎమ్రిస్‌ని నేను తీసుకొస్తానమ్మా," అంది లౌరి పొద్దున్న. "పెద్ద బండి తీసుకెళ్తాను."

అమ్మ టీ కప్పు పట్టుకుని ఆమెని చూసింది.

"వాడు ఎక్కడ ఆగితే అక్కడ ఆగు," అంది. "ఎంతసేపైనా సరే."

సాయంత్రం బడి వదలగానే లౌరి కోట్ల గదిలో నిలబడలేదు. అందరితో పాటే గేటు దాటింది. వెలిసిపోయిన ఆ పొడుగు బండి, దానిలో రెండు ఖాళీ సీట్లు. పక్కన కడ్డీ పట్టుకుని ఎమ్రిస్. వాడి రెండు కాళ్ళకీ డెలిత్ కొత్తగా ఇచ్చిన, పిక్కలకి ఆసరాగా కట్టే ప్లాస్టిక్ పట్టీలున్నాయి. నడుస్తుంటే టకటకమంటున్నాయి.

ముప్ఫై అడుగులు నడిచారు. ఎమ్రిస్ వేగం తగ్గింది. మొహం బిగిసింది. ఆగుదామని మాత్రం అనలేదు.

లౌరి బండికి బ్రేకు వేసింది. పేవ్‌మెంట్ అంచు మీద కూర్చుంది. తడి నేల. స్కర్టు లోంచి చల్లదనం పాకింది.

ఎమ్రిస్ నిలబడి చూశాడు. "ఎందుకు కూర్చున్నావ్?"

"నీ కాళ్ళు ఆగమంటున్నాయి. అందుకు."

వాడు ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు. తర్వాత వాడూ పక్కన కూర్చున్నాడు.

పిల్లలు వాళ్ళని దాటుకుంటూ వెళ్తున్నారు. కొందరు వెనక్కి తిరిగి చూస్తున్నారు. టెగన్, మాబ్లి వచ్చి ఆగారు.

"ఇక్కడ కూర్చున్నారేంటే?" అంది టెగన్. "అంత పెద్ద బండి ఖాళీగా పెట్టుకుని! మీ తమ్ముడు ఇంటిదాకా నడిచేవాడని మీ అమ్మ మా అమ్మతో చెప్పింది కదా?"

లౌరి తలెత్తింది.

"నడవలేదు. వాడు నడవలేడు. నేనే అమ్మకి అబద్ధం చెప్పాను. నువ్వు నవ్వుతావని. ఆ అబద్ధం వల్లే వాడు మెట్ల మీద పడ్డాడు."

టెగన్ మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎమ్రిస్ గడ్డం మీద గీతలా ఉన్న మచ్చ చూసింది. ఏదో అనబోయింది. మాబ్లి ఆమె చేయి పట్టి లాగింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. కొంచెం దూరం వెళ్ళాక టెగన్ ఒకసారి వెనక్కి చూసింది.

ఎమ్రిస్ ఇదంతా విన్నాడు. వేలితో పట్టీ అంచుని గీకుతున్నాడు.

"నన్ను ఎక్కమంటావా?" అన్నాడు, బండి వైపు చూస్తూ.

"నీ ఇష్టం."

"ఎక్కను."

"సరే."

సన్నగా తుంపర మొదలైంది. వీధి దీపాలు వెలిగాయి. ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. బస్సు ఒకటి పోయింది. కుక్కని తిప్పుతున్న ముసలాయన ఒకాయన వాళ్ళ పక్క నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాడు.

"లౌరీ," అన్నాడు ఎమ్రిస్ చాలాసేపటికి. గొంతు బాగా చిన్నగా ఉంది. "ఇక్కడ నొప్పిగా ఉంది."

ఎడమ పిక్క మీద చేయి పెట్టి చూపించాడు.

లౌరి తన చలి చేతులని ఒకదానితో ఒకటి రుద్ది వేడి చేసుకుంది. పట్టీ విప్పి, వాడి కాలిని తన ఒళ్ళోకి తీసుకుంది.